బసవన్న గారి ఏకైక పుత్రుడు

ఎమ్మిగనూరులోని ఆ వీధి ఎప్పటిలాగే మగ్గాల చప్పుడుతో నిద్ర లేచింది. బసవన్న మగ్గం గుంతలో కాళ్లు దించుకుని చీర అంచు నేస్తున్నాడు. ఆయన భార్య ఈరమ్మ గోడ వారగా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చేతులు నూలు మీదున్నా మనసు మాత్రం నిన్న మధ్యాహ్నం టీవీలో చూసిన సినిమా మీదే ఉంది. అది తెలుగులో మాట్లాడించిన హిందీ సినిమా. అందులో ఓ కోటీశ్వరుడు, ఆయనకో బంగళా, ఇంట్లో కూడా పట్టుచీరలోనే తిరిగే భార్య. పెళ్లయిన ముప్పై ఏళ్లకు ఎవరో కుర్రవాడు వచ్చి, నిండు సభలో ఆ కోటీశ్వరుణ్ణి “నాన్నా!” అని పిలుస్తాడు. ఇంట్లోనే ఉరుములు ఉరుముతాయి. భార్య చేతిలోని వెండి పళ్లెం మెట్ల మీద దొర్లుకుంటూ పోతుంది. ఆమె ముఖాన్ని మూడుసార్లు, మూడు పక్కల నుంచి చూపిస్తారు.

పక్కింటి హనుమంతమ్మ గిన్నెడు బొరుగుల ఉగ్గాణి తెచ్చి గడపలో కూర్చుంది. ఉగ్గాణి ఒక వంక. ఆమె వచ్చింది సినిమా గురించి మాట్లాడటానికే.

“రాత్రంతా నాకు నిద్దర పట్టలే వదినా. అంత మంచోడిలాగా ఉండె. యాడో దొంగచాటు కొడుకుండాడంట సూడు!”

“వాణ్ణి అనేదేముంది? ఆ పెండ్లాన్ని అనల్ల,” అంది ఈరమ్మ రాట్నం తిప్పుతూనే. “ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లో పండుకోని లేస్తా, మొగుడు యాడికి పోతాండాడో, ఎందుకు పోతాండాడో తెలీకపోతే అవి కండ్లా, గుంతలా?”

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒక్క క్షణం ఆగింది.

“ఆయమ్మకు మెట్లుండె గాబట్టి పళ్లెం దొర్లింది,” అన్నాడు బసవన్న తల ఎత్తకుండా. “మనింట్లో దొర్లల్లంటే యాడికని దొర్లుతాది? నేరుగా గుంతలోకొచ్చి నా కాళ్ల మీద పడల్ల.”

ఇద్దరాడవాళ్లూ నవ్వారు. బసవన్న నవ్వలేదు. కాసేపటికి మగ్గం దిగి, నూలు తెచ్చుకోవాలంటూ తువ్వాలు భుజాన వేసుకుని బజారుకు వెళ్లిపోయాడు.

పదకొండు గంటలప్పుడు తపాలా మనిషి ఓ కవరు ఇచ్చి వెళ్లాడు. నాలుగు మూలలా పసుపు రాసిన కవరు అది. ఈరమ్మ కూతురు సునంద ప్రైవేటు బడిలో టీచరు. వేసవి సెలవులు కావడంతో ఇంట్లోనే ఉంది. శుభలేఖ తెరిచి చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది.

“ఎవుర్దే పెండ్లి?” అడిగింది ఈరమ్మ.

“ఎవరో తెలీదమ్మా. ఆదోని నుంచి వచ్చింది.”

“తెలీనోళ్లు మనకు పత్రిక ఎందుకేస్తారే? గట్టిగా సదువు.”

సునంద ఓసారి తల్లిని, ఓసారి హనుమంతమ్మను చూసింది. ఇక తప్పదన్నట్టు చదివింది. “చిరంజీవి జయరాం. బ్రాకెట్లో తౌడప్ప. ఆదోని వాస్తవ్యులు శ్రీమతి ఉచ్చీరమ్మ, ఎమ్మిగనూరు వాస్తవ్యులు శ్రీ బసవన్న గార్ల... ఏకైక పుత్రుడు.”

ఉరుములేవీ ఉరమలేదు. కరెంటు పోయి పైన ఫ్యాను నెమ్మదిగా ఆగింది. ఈరమ్మ చేతిలో వెండి పళ్లెం లేదు. ఉన్నదల్లా సగం చుట్టిన కండె. దాన్ని కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుంది.

“ఊర్లో ఇంకో బసవన్న ఉంటాడులే వదినా,” అంది హనుమంతమ్మ. కళ్లు మాత్రం మెరిశాయి. “నేను పోతా. పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా.” ఆమె ఇంట్లో పొద్దున పదకొండుకు పాలెప్పుడూ ఉండవని ఈరమ్మకు తెలుసు. మధ్యాహ్నంలోగా వీధి వీధంతా ఈ పాలు పొంగుతాయనీ తెలుసు.

“ఇంటి నంబరు మనదేనమ్మా,” అంది సునంద చిన్నగా.

 ఈరమ్మకు నెలకోసారి చీరల మూట కట్టుకుని ఆదోనికి వెళ్లే మొగుడు గుర్తొచ్చాడు. అక్కడ చీరలు కొనే సేటు పొద్దున్నే సరుకు దించుకుంటాడు. అయినా ఆయన చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. ఓసారి సునందకు పలక కొంటూ రెండు పలకలు కొన్నాడు. రెండోదేమైందని అడిగితే బస్సులో పగిలిపోయిందన్నాడు. ఇంకోసారి సంచిలో మగపిల్లాడి చొక్కా కనిపిస్తే సేటు మనవడిదన్నాడు. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, సినిమాలో ఆమెను తాను ఏమందో అదీ గుర్తొచ్చింది. అవి కండ్లా, గుంతలా?

బసవన్న భోజనం వేళకు తిరిగి వచ్చాడు. నూలు మూట దించి చూస్తే రాట్నం ఆగి ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఈరమ్మ ముందు నేల మీద శుభలేఖ పరిచి ఉంది.

“ఎవురీయమ్మ?” అంది ఈరమ్మ.

“ఉచ్చీరమ్మ.”

“పేరు నాకూ కనపడతాంది. నీకు ఏమవుతాదని అడుగుతాండా.”

“నాకేమీ కాదు. ఆయమ్మ కొడుకే...” బసవన్న గడప మీదే కూలబడ్డాడు. “వాడు నేను కొన్న కొడుకు ఈరమ్మా.”

“కొనేదానికి వాడేమన్నా ఎద్దా, ఎనుమా? సెప్పేదేదో అతికేటట్టు సెప్పు.”

“తౌడిచ్చి కొన్నా.”

ఈరమ్మకు పత్రికలోని ‘తౌడప్ప’ అన్న పేరు తట్టింది. సునందకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు. “తవుడిచ్చి మనిషిని కొనడమేంది నాయనా?”

బసవన్న చెప్పుకొచ్చాడు. ఉచ్చీరమ్మ, ఆమె మొగుడు ఈరప్ప ఆదోనిలో పత్తి మిల్లులో కూలీలు. వరసగా ముగ్గురు బిడ్డలు పుట్టి పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే, వీణ్ణి అమ్మేస్తేనే దక్కుతాడని పెద్దలన్నారు. కన్నవాళ్లకు అచ్చిరాని బిడ్డను మరొకరి పేరు మీద పెంచితే దిష్టి, గండం దారి తప్పుతాయని నమ్మకం. బిడ్డను చేటలో పెట్టుకుని వీధిలో కూర్చున్నారు. తూర్పు నుంచి మొదట వచ్చేవాడికి ఇవ్వాలి. చీరల మూట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చినవాడు బసవన్న. పక్క అంగట్లో దోసెడు తవుడు కొని, అదిచ్చి బిడ్డను తీసుకున్నాడు. ‘నా బిడ్డను నువ్వు సాకు’ అని మళ్లీ ఆ తల్లి చేతికే ఇచ్చాడు. ఆ నాటి నుంచి లెక్కకు వాడు బసవన్న కొడుకే.

“మరి ఈరప్పకు బదులు పత్రికలో నీ పేరెట్ల వచ్చింది?” అంది సునంద.

“బడిలో ఏసేటప్పుడు అయ్యవారు నాయిన పేరేమని అడిగినాడంట. కొన్నోని పేరే సెప్పల్ల గదా అని ఆయమ్మ నా పేరు సెప్పింది. సొంత నాయిన పక్కనే నిలబడుకోని అవునవునని తలూపినాడంట. అదే పేరు పదో తరగతికి, ఐ.టి.ఐ.కి, ఆధారుకు పాకింది. ఈరప్ప పోయి పదేండ్లయింది. ఆడపిల్ల వాళ్లది మద్దికెర. సర్టిఫికెట్లు సూసి అచ్చేయించినారు. వాళ్లకేం తెలుసు?”

సునంద ముందు నవ్వేసింది. ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఈరమ్మకు కూడా గుండె మీది రాయి పక్కకు జరిగినట్టయింది. హనుమంతమ్మ పాపం, ఎంత నిరాశ పడుతుందో అనుకుంది. అంతలోనే ఇంకో సందేహం వచ్చింది. ఇంత పుణ్యం చేసినవాడు దీన్ని ఇన్నేళ్లు దాచుకోవడమెందుకు?

“ఎప్పటి మాట ఇది?”

బసవన్న తువ్వాలు అంచు మడిచాడు, విప్పాడు.

“మన గురు పోయిన పదైదో దినం.”

ఆ పేరు ఆ ఇంట్లో వినిపించి ఇరవై ఎనిమిదేళ్లయింది. సునంద పుట్టడానికి నాలుగేళ్ల ముందు, ఐదు నెలల బిడ్డ జ్వరంతో రెండు రోజుల్లో పోయాడు. ఊయల ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆయనకు మగ్గం ఉంది, మర్చిపోయాడనుకుంది ఈరమ్మ. అలా అనుకునే ఇన్నేళ్లూ లోపల్లోపల ఓ మూల ఆయన్ని క్షమించకుండా ఉండిపోయింది.

“పదైదో దినమా?” అంది ఈరమ్మ. “నేనీడ పాలు గట్టుకోని, జరమొచ్చి, పిండి పిండి గోడకు పోసుకుంటాంటే, నువ్వు ఆదోనిలో ఇంకొకరి బిడ్డతో నాయినా అనిపించుకునేదానికి పోయినావా?”

“పోలేదే. సరుకు దించేదానికి పోయినా. వాళ్లు ఎదురొచ్చిరి.”

“ఒద్దని సెప్పలేకపోతివా? బిడ్డ పోయిన సేతులు ఇవి, ఈటిల్లో పెట్టొద్దండని సెప్పలేకపోతివా?”

“అడిగినారు ఈరమ్మా. ‘నీకు బిడ్డలుండారా అన్నా?’ అని అడిగినారు.” అన్నాడు బసవన్న. “ఉండాడంటి. పేరు గురు అంటి. ఐదు నెల్లంటి. బోర్లా పడతాండాడని కూడా సెప్తి. అబద్దమే. కానీ సెప్పినంతసేపూ వాడు ఇంట్లో ఉండాడనిపించింది.”

సునంద నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

“ఆ అబద్దానికి ఈ బిడ్డకు యాడ గండమొస్తాదో అని బయం. నెలనెలా బతికుండాడా లేదా అని సూసేదానికే పోతాంటి. నీకు సెప్తే నువ్వూ ఇదే అడుగుతావు. నా కాడ జవాబు లేదు.”

ఈరమ్మ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వెళ్తూ వెళ్తూ ఒకే మాట అంది. “ఇంకో ఆడది ఉన్నా బాగుండు. కొట్లాడేదానికి ఒకతి దొరికుండు.”

రెండు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, కండెలు చుట్టింది, ఏదైనా అవసరమైతే “మీ నాయినకు సెప్పు” అని కూతురితో చెప్పించింది. బసవన్న మాత్రం ఒక్కటే అడిగాడు, అది కూడా కూతురి ద్వారానే. పెళ్లికి ముందు కొన్నవాళ్లు దంపతులుగా వచ్చి, బిడ్డను కన్నవాళ్లకు ‘ఇడిచి’ ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే పీటల మీద కూర్చోబెట్టరు. బుధవారం రావాలి.

“నేను కొనలేదు. నేనేమి ఇడిసేది?” అని జవాబొచ్చింది.

మూడో రోజు పొద్దున గడప ముందు ఎవరో నిలబడ్డారు. ఉచ్చీరమ్మ అంటే ఈరమ్మ మనసులో ఇప్పటికీ సినిమాలో ఆడదే, ఎర్రచీర, పెద్ద బొట్టుతో మెదులుతోంది. వచ్చినామె చెట్టు నుంచి రాలిన పుల్లలా ఉంది. నెరిసిన జుట్టులో పత్తి పీచు అంటుకుని ఏది వెంట్రుకో ఏది దూదో తెలియడం లేదు. వెనకాల ఆరడుగుల కుర్రవాడు తల వంచి లోపలికి వచ్చాడు.

“అక్కా, చెప్పులు ఆడ ఇడువు. ఈడ నూలుండాది,” అన్నాడు వాడు.

బసవన్న మగ్గం మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఈరమ్మ చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. ఇంటికొచ్చినవాళ్లతో కోపం తర్వాత.

“తప్పు నాదే వదినా,” అంది ఉచ్చీరమ్మ. “పత్రిక పంపేటప్పుడు నీకు సెప్పినాడో లేదో కనుక్కోల్ల గదా. అన్నను తిట్టొద్దు.”

“నీకో మాట తెలీదు,” అంది ఈరమ్మ. ఆ మాట మూడు రోజులుగా ఆమె గొంతులోనే ఉంది. “నీ బిడ్డను పట్టుకున్నప్పుడు ఆయనకు ఇంట్లో బిడ్డ లేడు. పోయి పదైదు దినాలు. నీతో అబద్దమాడినాడు.”

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఉచ్చీరమ్మ గ్లాసు కింద పెట్టింది. “తెలుసు. వీనికి మూడేండ్లప్పుడే ఎమ్మిగనూరోళ్లు ఎవరో సెప్పినారు. నేను ఏడ్సినా, బిడ్డ పోయిన సేతికిచ్చినామే అని. మా ఆయప్ప అన్నాడూ, ‘ఒకసారి జారిపోయిన సెయ్యి గదే, రెండోసారి గట్టిగా పట్టుకుంటాది’ అని. అట్లే పట్టుకున్నాడు. తట్టు పోసినప్పుడు మూడు దినాలు మా గుడిసెలోనే కూసున్నాడు. నీకు సేటు కాడ పని అని సెప్పినాడంట.”

ఈరమ్మకు ఆ మూడు రోజులు గుర్తున్నాయి. తిరిగొచ్చాక సన్నబడి, కళ్లు ఎర్రగా ఉంటే, తాగుడు అలవాటైందేమోనని అనుమానించి తిట్టింది.  తిట్టించుకున్నాడు.

“అక్కా, బస్సు టైమయితాంది,” అన్నాడు జయరాం మెల్లగా.

“ఏమప్పా,” అంది ఈరమ్మ ఉండబట్టలేక, “కన్నతల్లిని అక్కా అంటావేమి?”

వాడు తల దించుకున్నాడు. ఉచ్చీరమ్మే చెప్పింది. “అమ్మిన బిడ్డ వదినా. అమ్మా అని పిలిస్తే మాట తప్పినట్టు. మాటలొచ్చినప్పటి నుంచి అక్కా అనే నేర్పినాం. ఒకసారి జరంలో అమ్మా అన్నాడు. నోరు మూసినా నేనే.” ఆమె నవ్వబోయింది. “మీరిద్దరూ వచ్చి ఇడిస్తే పిలవొచ్చు. ఎన్నిసార్లడిగినా అన్న వచ్చేయేడు, వచ్చేయేడు అంటాంటాడు. నీకు సెప్పలేక అని నాకు తెలీలే.”

ఈరమ్మ ఆ మనిషినే చూస్తూ ఉండిపోయింది. తన బిడ్డ అమ్మా అనకముందే పోయాడు. ఈమె బిడ్డ బతికి, పెరిగి, ఆరడుగులై, ఇరవై ఎనిమిదేళ్లుగా పక్కనే ఉంటూ అనలేదు. ఇద్దరికీ తెలిసింది ఒకటే ఆకలి. తేడా ఒక్కటే, ఈమెది ఇంకా తీరే ఆకలి.

“బుధవారం ఎన్నింటికి?” అంది.

బుధవారం పొద్దున ఆదోని బస్సులో ఈరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో సునంద నిద్రపోతోంది. సగం దారి దాటాక బయటకే చూస్తూ అంది. “గురుకు కుడి సెవి కాడ మచ్చ ఉండె. గుర్తుండాదా?”

“ఎడమ సెవి,” అన్నాడు బసవన్న.

“కుడి. పాలిచ్చినదాన్ని నాకు తెలీదా?”

“ఎత్తుకోని తిప్పినోణ్ణి నాకు తెలీదా?”

ఆదోని వచ్చేదాకా ఇద్దరూ ఆ మచ్చ గురించే వాదులాడుకున్నారు. చివరికి తేలలేదు. దిగేటప్పుడు ఈరమ్మ మెట్ల దగ్గర ఆగి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకునే దిగింది.

ఉచ్చీరమ్మ ఇంటి ముందు పందిరి వేశారు. ముసలి మేనత్త గంగమ్మ అంతా తానై నడిపిస్తోంది. “చేట తేండి!” అంది. తెచ్చారు. “పిల్లోణ్ణి అందులో పెట్టండి!” అంది. ఆరడుగుల పెళ్లికొడుకును చేటలో ఎలా పెట్టాలో ఎవరికీ తోచలేదు. జయరాం ఒక కాలు పెట్టి చూశాడు. చేట పటపటమంది.

“బొటనవేలు పెట్టు సాలు,” అంది గంగమ్మ. “దేవునికి లెక్క తెలుస్తాది.” పందిరి కింద అందరూ నవ్వారు.

ఉచ్చీరమ్మ దోసెడు తవుడు తెచ్చి ఈరమ్మ ఒడిలో పోసింది. “మీ తౌడు మీకు,” అంది. ఇప్పుడు కొన్నవాళ్లు బిడ్డ చెయ్యి పట్టి తల్లి చేతిలో పెట్టాలి. బసవన్న జయరాం చెయ్యి పట్టుకున్నాడు. ‘మీ బిడ్డను...’ అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మాట రాలేదు.

ఈరమ్మ ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసింది. కింద ఉన్న కుర్రవాడి చెయ్యి వెచ్చగా, గట్టిగా, ఇనుము పట్టీ పట్టీ కాయలు కాచి ఉంది. బతికుంటే గురు చెయ్యి కూడా ఇంతే ఉండేదేమో. ఒక్క నిమిషం ఇవ్వబుద్ధి కాలేదు. మొన్నమొన్నటిదాకా పేరు కూడా తెలియని బిడ్డను ఇవ్వడానికి ఇంత కష్టమైతే, ఈ మనిషి ఇరవై ఎనిమిదేళ్లు దాన్నెలా మోశాడో అనుకుంది.

“మీ బిడ్డను మీకిచ్చినాం ఉచ్చీరమ్మా,” అంది స్పష్టంగా. “సల్లగా ఏలుకో.”

మూడు చేతుల మీద నాలుగోదిగా ఉచ్చీరమ్మ చెయ్యి పడింది. అందరూ జయరాం వైపు చూశారు.  పెదాలు కలిశాయి, విడిపోయాయి. అలవాటు లేని మాట కదా, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది.

“అమ్మా.”

ఉచ్చీరమ్మ పలకలేదు. ఆమె ఈరమ్మ వైపు తిరిగి, కళ్లు తుడుచుకుంటూ అంది. “పలుకు వదినా. పిల్లోడు పిలుస్తాండాడు.”

ఈరమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని కొడుకు వైపు తిప్పింది.

“నన్ను గాదు తల్లీ. నిన్ను.”

వాడు మళ్లీ పిలిచాడు.